మందు చెన్నైలో ఎక్కిస్తారు, ఇబ్బంది ఊళ్లో మొదలవుతుంది

చెన్నై కేన్సర్ ఆసుపత్రుల యాజమాన్యాలకు, మెడికల్ ఆంకాలజీ డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీ దగ్గర ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రక్షక కణాలనే కేన్సర్ మీదికి వదిలే మందు) ఎక్కించుకుంటున్న తెలుగు పేషెంట్లకు మొదటి డోసు నాడే తెలుగులో అచ్చువేసిన ఒక చిన్న కార్డు ఇవ్వండి. అర్ధరాత్రి చేసినా తెలుగు తెలిసిన నర్సు ఎత్తే ఫోను నంబరు ఒకటి దాని మీద వేయండి. నేను అడగదలచుకున్నది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

మాది గూడూరు దగ్గర పల్లె. పెళ్లయ్యాక వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. మా వైపు నుంచి ఎవరు పెద్ద జబ్బుతో చెన్నై వచ్చినా ముందు మా ఇంటి తలుపే తడతారు. వాళ్ల వెంట ఫైలు పట్టుకుని తిరగడం, డాక్టరు చెప్పింది వాళ్లకు, వాళ్లు చెప్పింది డాక్టరుకు అందించడం నాకు అలవాటైన పని. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు అడయారులో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించినప్పటి నుంచీ నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు జనం కేన్సర్ అనగానే మద్రాసు రైలెక్కడం నేర్చుకున్నారు. ఇప్పుడు తిరుపతిలోనూ మంచి కేన్సర్ ఆసుపత్రి వచ్చింది. అయినా సూళ్లూరుపేట లోకల్లోనో పినాకినిలోనో వచ్చి దిగేవాళ్లు తగ్గలేదు. పొద్దున పూట మీ ఓపీ బెంచీల మీద తెలుగు ఎంత వినబడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా అక్క భర్తకు ఊపిరితిత్తుల కేన్సర్, నాలుగో స్టేజి. ఈ మందు పనిచేసే అవకాశం ఎంతో అంచనా వేసే పీడీ-ఎల్1 పరీక్షలో శాతం బాగా ఎక్కువ వచ్చింది కాబట్టి కీమో లేకుండా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే మొదలుపెట్టవచ్చన్నారు. మూడు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు, అరగంట డ్రిప్పు. జుట్టు రాలలేదు, వాంతులు లేవు. ఎక్కించుకున్న సాయంత్రమే మా ఇంట్లో పెరుగన్నం తిని, రాత్రి బండికి ఊరెళ్లిపోయారు. "ఇదేం మందమ్మా, ఎక్కించినట్టే లేదు" అని మా బావ సంబరపడ్డారు. పొలం అమ్మి తెచ్చిన డబ్బు అది. మందు పనిచేస్తోందన్న ఆశ అందరిలోనూ ఉంది, రెండో డోసు తర్వాత దగ్గు తగ్గడం కూడా కళ్లారా చూశాం.

మూడో డోసు వేసుకుని వెళ్లిన కొన్నాళ్లకు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోతే అక్క ఏం చెప్తుంది? "చెన్నైలో కీమో ఎక్కిస్తున్నారు" అంది. కీమోకి ఇది మామూలేనని ఆయన ఓఆర్ఎస్, విరేచనాలు కట్టే బిళ్లలు, అమీబా బిళ్లలు ఇచ్చాడు. ఒక పూట తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలు. గూడూరులో నర్సింగ్ హోముకు తీసుకెళితే సెలైన్ ఎక్కించి పంపారు. రోజుకు పదిసార్లు పైగా వెళ్తూ, మంచం దిగితే కళ్లు తిరుగుతున్న స్థితిలో అక్క ఫైలు మీదున్న నంబరుకు రాత్రిపూట ఫోను చేసింది. మొదట రికార్డు చేసిన గొంతు, తమిళంలో, తర్వాత ఇంగ్లీషులో. అంకెలు నొక్కగా నొక్కగా ఎవరో ఎత్తి తమిళంలో మాట్లాడారు. పొద్దున ఓపీకి రమ్మంటున్నారని మాత్రం ఆమెకు అర్థమైంది. గూడూరు నుంచి ఓపీ అంటే 130 కిలోమీటర్ల పైన. బీపీ పడిపోతున్న మనిషిని లోకల్లో ఎలా తేవాలి? నాకు ఫోను చేస్తే, కారు మాట్లాడి తెప్పించాం.

ఇక్కడికి చేరాక జరిగిన వైద్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. డ్యూటీ డాక్టరమ్మ మందు పేరు వింటూనే విషయం పసిగట్టింది. స్టూల్ టెస్టు పంపారు, పేగులోకి కెమెరా వేసి చూశారు, అది ఈ మందు వల్ల వచ్చిన కొలైటిస్, అంటే పెద్దపేగు వాపు అని తేల్చారు. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టిన రెండో రోజుకే తేడా కనబడింది. ఆమె మాతో చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది: ఇంకొంచెం ఆలస్యమైతే పేగుకు చిల్లు పడి ఆపరేషన్ దాకా పోయేదట.

మంచం పక్కన కూర్చుని నేను ఫైలు తిరగేశాను. లోపల మూడు పేజీల అంగీకార పత్రం ఉంది, చిన్న అక్షరాల ఇంగ్లీషులో. కొలైటిస్ అన్న మాట రెండో పేజీ మధ్యలో ఉంది. అడుగున మా బావ తెలుగు సంతకం. మీ లెక్క ప్రకారం ఆ కుటుంబానికి విషయం చెప్పినట్టే. మా అక్కకు మాత్రం ఆ విరేచనాలకూ చెన్నైలో ఎక్కించిన మందుకూ సంబంధం ఉందని అప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు. ఆసుపత్రి పేరు నేను రాయడం లేదు. ఏ ఒక్క ఆసుపత్రి మీదా ఫిర్యాదు కాదు ఇది. నేను తిరిగిన వేరే చోట్ల కూడా ఫైళ్లలో ఇలాంటి కాగితాలే ఉన్నాయి.

మీకు తెలిసిన విషయమే అయినా, ఈ లేఖ చదివే మావాళ్ల కోసం మందు సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. మన ఒంట్లో టీ కణాలని రక్షక కణాలుంటాయి. అవి అదుపు తప్పి మన అవయవాల మీదే పడకుండా వాటికి సహజంగానే బ్రేకులు ఉన్నాయి. సీటీఎల్ఏ-4 ఒకటి, పీడీ-1 ఒకటి. కేన్సర్ కణం తన పైనున్న పీడీ-ఎల్1తో ఆ పీడీ-1 బ్రేకు తొక్కిపెట్టి టీ కణాన్ని ఆపేస్తుంది. ఆ బ్రేకు విడిపించేవే చెక్‌పాయింట్ ఇన్‌హిబిటర్లు. పీడీ-1ని 1992లో జపాన్‌లో తసుకు హొంజో బృందం కనిపెట్టింది. సీటీఎల్ఏ-4ను అడ్డుకుంటే కణితులు కరుగుతాయని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ ఎలుకల్లో నిరూపించారు. ఇద్దరికీ 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. 2011లో సీటీఎల్ఏ-4 బ్రేకు విడిపించే ఇపిలిముమాబ్, 2014లో పీడీ-1 బ్రేకు విడిపించే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అమెరికాలో వాడకంలోకి వచ్చాయి. మెలనోమా (ఒక రకం చర్మ కేన్సర్) మెదడుకు పాకినట్టు 2015లో తేలిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు వేరే చికిత్సలతో పాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు. ఆయన నూరేళ్లు నిండాక 2024 డిసెంబరులో కన్నుమూశారు. అందరికీ అలా పనిచేయదు, చాలామందికి అసలు పనిచేయదు. పనిచేసినవాళ్లలో కొందరికి మాత్రం ఏళ్ల తరబడి నిలబడుతుంది. అందుకే మావాళ్లు బంగారం కుదువపెట్టి, పొలాలు అమ్మి అయినా ఈ మందు కోసం వస్తున్నారు. ఈ మందు మీద నాకు గౌరవమే తప్ప భయం లేదు.

కానీ బ్రేకు విడిచాక టీ కణం కేన్సర్‌నే వెతుక్కుంటూ పోతుందన్న హామీ లేదు. పేగు, ఊపిరితిత్తి, కాలేయం, థైరాయిడ్, గుండె, దేని మీదైనా తిరగబడవచ్చు. పీడీ-1 మందు ఒక్కటే ఇస్తే తీవ్రమైన ఇబ్బందులు తక్కువమందికే వస్తాయి. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చిన మెలనోమా ట్రయల్లో మాత్రం సగం మందికి పైగా తీవ్రస్థాయి ఇబ్బందులు వచ్చాయి. వచ్చే సమయం కూడా కీమో లాంటిది కాదు. కీమో బాధలు చాలావరకు ఎక్కించిన మొదటి రెండు వారాల్లో కనబడతాయి. ఇవి వారాలకు, నెలలకు బయటపడతాయి, ఒక్కోసారి మందు ఆపేసిన కొన్ని నెలలకు కూడా. అంటే మందు ఎక్కేది మీ డేకేర్‌లో, మీ నర్సు కళ్లముందు. ఇబ్బంది మొదలయ్యేది నాయుడుపేటలో, వెంకటగిరిలో, పీలేరులో, మందుల షాపు మూసేశాక.

అక్కడ ఏం జరుగుతుందో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. దగ్గు, ఆయాసం వస్తే మా ఊళ్లో ముందు న్యుమోనియా అంటారు, తర్వాత టీబీ అంటారు. యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మారుస్తూ పోతారు. అది ఈ మందు వల్ల వచ్చిన న్యుమొనైటిస్ (ఇన్ఫెక్షన్ లేకుండానే ఊపిరితిత్తులకు వచ్చే వాపు) కావచ్చని ఆ డాక్టరుకు ఎవరు చెప్పాలి? విపరీతమైన దాహం, మాటిమాటికీ ఒంటేలు, బరువు తగ్గడం కనబడితే "షుగర్ వచ్చింది, మీ ఇంట్లో అందరికీ ఉన్నదే కదా" అని మాత్రలు రాస్తారు. ఈ మందుతో అరుదుగా వచ్చే షుగరుకు ఇన్సులిన్ తప్ప దారి లేదు, మాత్రలతో కాలం గడిపితే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ఐసీయూకు చేరతారు. నీరసం సంగతి సరేసరి. కేన్సర్ మనిషికి నీరసం ఉండదా అని ఇంట్లోవాళ్లే సరిపెట్టుకుంటారు. దాని వెనక థైరాయిడ్ పడిపోయి ఉండవచ్చు, హార్మోన్లు తయారుచేసే పిట్యూటరీ గ్రంథి గానీ అడ్రినల్ గ్రంథి గానీ దెబ్బతిని ఉండవచ్చు. మొదటిది బిళ్లతో సర్దుకుంటుంది. రెండోది కనిపెట్టకపోతే మామూలు జ్వరానికే బీపీ పడిపోయి ప్రాణం పోతుంది. రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం, మెడ నిలవకపోవడం, గుండె దడ, ఇవి కలిసి వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. గుండె కండరానికి వాపు రావడం చాలా అరుదు, కానీ వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువ. అదీ మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా వస్తుంది. ఇవన్నీ ఊరి డాక్టరుకు తెలియకపోవడం ఆయన తప్పని నేననను. ఆయన జీవితంలో ఈ మందు తీసుకున్న పేషెంటును బహుశా మొదటిసారి చూస్తున్నాడు, అదీ "కీమో" అన్న మాటతో.

ఇంకో సంగతి. మా వైపు ఒళ్లు నొప్పులన్నా, ఆయాసమన్నా డెక్సా అనే స్టెరాయిడ్ సూది వేసే అలవాటు ఉంది. ఇమ్యునోథెరపీ పేషెంటుకు ఆ ఒక్క సూది రెండు రకాలుగా చేటు చేస్తుంది. అసలు ఇబ్బందిని రెండ్రోజులు కప్పిపెడుతుంది, మీకు కబురు చేరడం ఆలస్యమవుతుంది. మీరు సరైన డోసులో రాసిన స్టెరాయిడ్ అలా కాదు, అదే ప్రాణం నిలబెట్టేది. దాన్నేమో మావాళ్లు ముఖం ఉబ్బిందని, షుగర్ పెరిగిందని వారానికే మానేస్తారు. మా బావకు నాలుగు వారాలకు పైగా కొంచెం కొంచెంగా తగ్గించాలని చెప్పారు. నేను గోడ మీది కేలండర్‌లో ఏ తేదీకి ఎన్ని బిళ్లలో రాసిచ్చాను కాబట్టి జరిగింది. ఇంటికి తీసుకెళ్లిన డిశ్చార్జి సమ్మరీలో అది ఒక్క ఇంగ్లీషు వాక్యం.

తక్కువ డోసు తీసుకునేవాళ్లనూ మరవకండి. తల, మెడ కేన్సర్లకు పూర్తి డోసు కొనలేని పేషెంట్ల కోసం ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను మూడు వారాలకోసారి, నోటితో మింగే మందులతో కలిపి ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16 శాతం దగ్గర్నుంచి 43 శాతానికి పెరిగారు. మన దేశపు డాక్టర్లు మన పేదవాళ్ల కోసం చేసిన పని అది, చెప్పుకుని గర్వపడాలి. ఆ పద్ధతిలో మందు అందుకునేవాళ్లు ముందుముందు మరింత మంది వస్తారు, వాళ్లలో చాలామంది పొగాకు నమిలిన కూలి జనం. డోసు చిన్నదని ఇబ్బంది రాదనుకుంటే పొరపాటు. కార్డు వాళ్లకూ ఇవ్వాలి. ముందు వాళ్లకే ఇవ్వాలి.

కార్డు అంటే ఏమిటో నా బుద్ధికి తోచినట్టు రాశాను. ఒక వైపు తెలుగులో ఇలా ఉంటే చాలు:

"నేను ఇమ్యునోథెరపీ మందు తీసుకుంటున్నాను. ఇది కీమో కాదు. మందు పేరు ఫలానా. చివరి డోసు తేదీ ఫలానా. రోజూ కంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైనా, మలంలో రక్తం పడినా, కొత్తగా దగ్గు, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, రెప్ప వాలినా, గుండె దడగా ఉన్నా, తట్టుకోలేని దాహం, తట్టుకోలేని నీరసం ఉన్నా ఆ రోజే ఈ నంబరుకు ఫోను చేయాలి. నేను మందు మానేసి ఏడాది కాకపోతే ఈ కార్డు ఇంకా చెల్లుతుంది. మా ఆసుపత్రిని అడగకుండా స్టెరాయిడ్ సూది వేయవద్దు, రాసిన స్టెరాయిడ్ ఆపవద్దు."

రెండో వైపు ఊరి డాక్టరు కోసం ఇంగ్లీషులో నాలుగు లైన్లు: పేషెంటు చెక్‌పాయింట్ ఇన్‌హిబిటర్ మీద ఉన్నాడని, ఏ అవయవానికి ఇబ్బంది వచ్చినా ముందు ఈ మందును అనుమానించాలని, ఇన్ఫెక్షన్ పరీక్షలతో పాటు షుగర్, సోడియం, పొటాషియం, లివర్, థైరాయిడ్, కార్టిజాల్, ఈసీజీ, ట్రోపోనిన్ చూడాలని, మనిషి ప్రమాదంలో ఉంటే స్టెరాయిడ్ కోసం మాతో మాట్లాడేందుకు ఈ నంబరని. యూరప్‌లో ఈ మందులు తీసుకునేవారికి ఇలాంటి పేషెంట్ కార్డు ఇవ్వాలని అక్కడి మందుల నియంత్రణ సంస్థే నిబంధన పెట్టింది. అమెరికాలో ఆంకాలజీ నర్సుల సంఘం పర్సులో పట్టే కార్డు తయారుచేసింది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు కొన్ని నేను ఇప్పటికే విన్నాను. ఇవన్నీ ముందే చెబితే పేషెంటు భయపడి మందే వద్దంటాడన్నారు ఒక డాక్టరుగారు. ఇల్లు తాకట్టుపెట్టి వచ్చినవాడు విరేచనాల పేరు విని వెనక్కిపోడండీ. తెలియక ఊళ్లో పడుకున్నవాడే మూడో డోసుకు రాకుండా పోతాడు. ఓపీలో ఒక్కో పేషెంటుకు ఐదు నిమిషాలు కూడా దొరకవన్నారు ఇంకొకరు. నిజమే, నేను రోజూ చూసేదే. ఆ పని డాక్టరే చేయాలని నేనడగడం లేదు. డ్రిప్పు ఎక్కే అరగంటా పేషెంటూ, అటెండెంటూ డేకేర్‌లో ఖాళీగానే కూర్చుంటారు. ఒక నర్సు ఆ కార్డు చదివి వినిపించి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, రాత్రి విరేచనాలు మొదలైతే ఏం చేస్తారు?" అని అటెండెంటు చేత చెప్పిస్తే పది నిమిషాల పని. చెప్పించడం ముఖ్యం. అర్థమైందా అని అడిగితే మావాళ్లు అర్థం కాకపోయినా తలూపుతారు, డాక్టరు దగ్గర కాదనడం మర్యాద కాదనుకుంటారు.

తెలుగు మాట్లాడే మనుషులు లేరన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మీ వార్డుల్లో నెల్లూరు, కడప అమ్మాయిలు ఎంతమంది నర్సులుగా చేస్తున్నారో నాకు తెలుసు. నన్ను చూడగానే "అక్కా, మీది ఏ ఊరు?" అని పలకరించేది వాళ్లే. విదేశాల నుంచి వచ్చే పేషెంట్లకు అరబిక్ తెలిసినవాళ్లను, బంగ్లా తెలిసినవాళ్లను పెద్ద ఆసుపత్రులు జీతాలిచ్చి పెట్టుకుంటున్నాయి. పెట్టుకోవలసిందే. రెండు భాషలు తెలిసిన దుబాసీల మీద వ్యాపారం నడిచిన మద్రాసు ఇది, ఇక్కడ తెలుగు తెలిసినవాళ్లకు కరువు రాదు. రాత్రి డ్యూటీ రోస్టర్లో ఇమ్యునోథెరపీ ఫోను ఒకరి చేతిలో పెట్టి, ఆ ఒకరికి తెలుగు వచ్చేట్టు చూడడం నర్సింగ్ సూపరింటెండెంట్ ఒక పూటలో చేయగల పని. ఆ నర్సుకు ఎదురుగా ఒక కాగితం ఉండాలి: ఏ లక్షణానికి వెంటనే రమ్మనాలి, దేనికి దగ్గర్లోని పెద్దాసుపత్రికి పంపాలి, దేనికి మర్నాటి దాకా ఆగవచ్చు, డ్యూటీ ఆంకాలజిస్టును ఎప్పుడు లేపాలి. తెలుగు ఒక్కటే ఇవ్వమని కూడా నేననడం లేదు. తమిళంలో, హిందీలో, బంగ్లాలో కూడా వేయండి.

మందు ధర గురించి ఈ లేఖలో ఎక్కువ రాయను, అది మీ చేతుల్లో ఉన్నదీ కాదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఇంత ఖరీదైన మందు ఎక్కిస్తున్న చోట, కార్డు అచ్చు ఖర్చు గురించి మాట్లాడటానికి నాకు మనసొప్పడం లేదు. పైగా కొలైటిస్‌ను రెండో రోజే పట్టుకుంటే ఓపీ మందులతో పోయేది, వారం ఆలస్యమైతే ఐసీయూ బిల్లవుతుంది. ఆ బిల్లు కట్టాక తర్వాతి డోసుకు డబ్బు మిగలదు. మా బావకు తర్వాత మందు మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అని డాక్టర్లు చాలా ఆలోచించారు. చివరికి ఆపి, స్కానులతో కనిపెట్టి చూస్తున్నారు. కణితి ఇప్పటిదాకా పెరగలేదు. అంతటి మందు ఇది. దాన్ని పేషెంటు ఊరికి పంపేటప్పుడు కాస్త జాగ్రత్త కూడా జతచేసి పంపమంటున్నాను.

తెలుగు పాఠం నేను రాసిపెట్టాను. మా వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మ ఒకరు, మా ఊరివైపు ఇద్దరు ఎంబీబీఎస్ డాక్టర్లు చదివి, పల్లెలో అర్థమయ్యేలా మాటలు సరిచేశారు. డబ్బేమీ అక్కర్లేదు, మా పేర్లు వేయనక్కర్లేదు. మీలో ఏ ఆసుపత్రివారు అడిగినా తెచ్చి ఇస్తాను. మీ ఆంకాలజిస్టు ఒకరు చూసి, వైద్యపరంగా తప్పులుంటే దిద్ది, మీ నంబరు వేసుకోండి. వచ్చే నెల మా ఊరి నుంచి ఇంకొకాయన మొదటి డోసుకు వస్తున్నారు, కిడ్నీ కేన్సర్. ఆయనకు ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపి ఇస్తామన్నారు. ఆయన వచ్చేలోగా మీలో ఒక్క ఆసుపత్రి అయినా ఈ పని మొదలుపెడితే, ఆయన భార్యకు ఆ నంబరు చూపించి ఊరికి పంపగలను.

ఇట్లు,
పెరంబూరు నుంచి,
మీ ఓపీకి తరచూ వచ్చే ఒక తెలుగు అటెండెంటు